1918 ఊపిరితిత్తుల సాక్ష్యం

1918 సెప్టెంబరులో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, క్యాంప్ డెవెన్స్ సైనిక శిబిరంలో ఇన్‌ఫ్లుయెంజాతో మరణించిన యువ సైనికుల ఛాతీని కోసి చూసినప్పుడు, గాలితో తేలికగా, మెత్తగా ఉండవలసిన ఊపిరితిత్తులు నెత్తుటి నురుగుతో నిండి, నీలం తిరిగి, బరువెక్కి కనిపించడంతో, ఆనాటి అమెరికా వైద్యులలో అగ్రగణ్యుడైన విలియం హెన్రీ వెల్చ్ సైతం ఇది ఏదో కొత్త అంటురోగమో, ప్లేగో అయి ఉండాలని శంకించాడు.

అప్పటి శవపరీక్షకులు వెతికినది మాత్రం 1892లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఫైఫర్ ఇన్‌ఫ్లుయెంజాకు మూలమని ప్రకటించిన ఒక బ్యాక్టీరియాను. అది కొన్ని దేహాలలో దొరికింది, కొన్నింటిలో దొరకలేదు; దొరకనిచోట సిద్ధాంతాన్ని కాక పరీక్షకుడి చేతి నేర్పును శంకించినవారే ఎక్కువ. మనుషులలో ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను వేరుచేయడం 1933 వరకు సాధ్యం కాలేదు కనుక వారు కారణాన్ని పొరబడ్డారు గాని, కళ్ళెదుట ఉన్నదాన్ని మాత్రం నిజాయితీగా రాసిపెట్టారు. కణజాలాన్ని, అంటే అవయవపు చిన్న ముక్కను, కుళ్ళకుండా కాపాడే ఫార్మలిన్‌లో నానబెట్టి, ఆపై పారఫిన్ మైనంలో పొదిగి భద్రపరిచారు. శవపరీక్ష అనే విద్యకు అసలు గౌరవం దక్కవలసింది ఈ ఓపికకే.

ఆ మైనపు దిమ్మెల నుంచి, అలాస్కాలో గడ్డకట్టిన నేలలో పూడ్చిన ఒక దేహం నుంచి శాస్త్రజ్ఞుడు టాబెన్‌బర్గర్ బృందం సేకరించిన జన్యు శకలాలతో 2005 నాటికి వైరస్ జన్యుక్రమం పూర్తయింది. 2008లో అదే టాబెన్‌బర్గర్, తోటి పరిశోధకులు మోరెన్స్, ఫౌచీలతో కలిసి, 58 మంది కణజాల నమూనాలను, 8,398 శవపరీక్షల పాత నివేదికలను పరిశీలించగా తేలినదేమంటే, వైరస్ శ్వాసనాళాల లోపలి పొరను చెరిపివేయగా, గొంతులో మామూలుగానే నివసించే న్యుమోకోకస్, స్ట్రెప్టోకోకస్ వంటి బ్యాక్టీరియా ఆ దారిన కిందికి దిగి న్యుమోనియా కలిగించడమే అత్యధిక మరణాలకు కారణం. చెడిన పొర మళ్ళీ చిగురిస్తున్న జాడలు సైతం ఆ ముక్కలలో కనిపించాయి. వైరస్ దెబ్బ నుంచి తేరుకుంటున్నవారినే బ్యాక్టీరియా బలిగొన్నదనడానికి ఇంతకంటే బలమైన సాక్ష్యం ఉండదు. శవపరీక్ష రోగం చివరి ఘట్టాన్నే చూపుతుందన్న ఆక్షేపణ సబబే అయినా, ఇక్కడ ఆ ఘట్టంలోనే క్రమమంతా నమోదై ఉంది.

యాంటీబయాటిక్స్ వచ్చిన తరువాత ఈ జంట దాడి చరిత్రలో కలిసిపోయిందనుకోవడం పొరపాటు. 2009 హెచ్1ఎన్1 ఫ్లూతో అమెరికాలో మరణించిన 77 మంది ఊపిరితిత్తుల నమూనాలను పరీక్షించగా, 22 మందిలో బ్యాక్టీరియా సోకిన ఆధారాలు లభించాయి.