వీణకు దేహమిచ్చువారు

సంగీతమును గూర్చి ముచ్చటించునపుడు మనము వాగ్గేయకారులను స్మరింతుము, గాయకులను కొనియాడుదుము; కాని నాదమునకు దేహమునొసంగు శిల్పిని తలంచువారరుదు. బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లిలో, కుండను దండిని వేరుగా మలచి అతుకక, ఒక్క పనసదుంగనుండియే ఏకాండవీణను వెలయించు కళాకారులు తరతరములుగా ఈ విద్యను నిలుపుకొనుచున్నారు. దుంగను లోపల నెంత తొలిచిన నాదము పలుకునో, ఉలిని ఎచ్చట నాపవలెనో చేతికే తెలియవలెను. పిమ్మట మైనపు కట్టుపై 24 మెట్లను నిలుపవలెను. అందు వెండ్రుకవాసి తప్పినను స్వరము తప్పును గావున, ఇచ్చట వడ్రంగమునకు చెవియే కొలబద్ద. నాలుగు వాయింపు తంత్రులును మూడు తాళపు తంత్రులును బిగించిన నాడు కొయ్య వీణ యగును. స్వయముగా వైణికుడైన వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితుల (1775–1835) కృతులలోని గమకముల నిదానగతి, ఇట్టి వీణ మెట్టుపై తంత్రిని లాగి పలికించునపుడే చక్కగా బోధపడును. కచేరీ ముగియగనే కరతాళధ్వనులు వైణికునికి దక్కును. ఎచ్చటనో చెక్కపేళ్ల నడుమ కూర్చుండి, మరియొక దుంగను తట్టి చెవియొగ్గుచున్న ఆ శిల్పికి మాత్రము వీణ పలుకుటయే సన్మానము.