పారిస్ వీధిలో కరిగిన మంచు

2015 డిసెంబరులో పారిస్ నగరమున ఐక్యరాజ్య సమితి శీతోష్ణస్థితి మహాసభ జరిగినది. ఆ రోజులలోనే అక్కడి పాంథియాన్ భవనము ఎదుటి బహిరంగ స్థలములో పన్నెండు మంచు దిమ్మలను గడియారపు అంకెలవలె వలయముగా నిలిపినారు. వాని మొత్తము బరువు సుమారు 80 టన్నులు. ఈ ప్రదర్శన పేరు 'ఐస్ వాచ్'. దీనిని ఏర్పాటు చేసినవారు కళాకారుడు ఓలఫర్ ఎలియాసన్, గ్రీన్‌లాండులో పుట్టిన భూగర్భశాస్త్రవేత్త మినిక్ రోసింగ్. 2014లో కోపెన్‌హాగెన్‌లోను, 2018లో లండనులోను కూడ దీనిని చూపినారు. గ్రీన్‌లాండు హిమఫలకము నుండి విరిగి, నూక్ పట్టణమునకు సమీపమున ఉన్న సముద్రపు పాయలో తేలుచున్న దిమ్మలను పట్టి, శీతల పెట్టెలలో తెచ్చినారు. జనులు వానిని తాకినారు, కౌగిలించుకొన్నారు, చెవి ఆనించి విన్నారు.

శీతోష్ణస్థితి మార్పును గూర్చిన కళాప్రదర్శనలలో దీనికి వచ్చినంత పేరు చాల కొద్దింటికి వచ్చినది. కనుక ఇది చూపరికి ఏమి నేర్పుచున్నదో విచారించుట అవసరము.

మన చేపల రేవులలో వాడే ఐసు దిమ్మను తీసికొనిపోయి అదే స్థలములో పెట్టినను కరిగియుండెడిది. డిసెంబరులో సైతము పారిస్ పగటి గాలి సాధారణముగా సున్న డిగ్రీలకు పైననే యుండును. గ్రాము మంచు కరుగుటకు 80 క్యాలరీల గుప్తోష్ణము చాలును. ఆ వేడిని చుట్టునున్న గాలియు, నేలయు, తాకిన చేతులును ఇచ్చును. నూరేండ్ల క్రిందటనైనను జరుగునది ఇంతే. శీతోష్ణస్థితి మార్పు అనునది దశాబ్దాల సగటులకు సంబంధించినది. కరిగే దిమ్మను చూచి భూమి వేడెక్కుచున్నదని నిశ్చయించుకొన్న విద్యార్థి, సరియైన ఊరికి తప్పు దారిన చేరినవాడు.

ఇంతకంటె చిక్కైనది సముద్రమట్టము సంగతి. తేలే మంచు కరిగినందువలన నీటిమట్టము పెరగదు; ఆర్కిమిడీస్ సూత్రమే దీనికి ఆధారము. (ఉప్పునీటి సాంద్రత వలన కలిగే స్వల్పమైన తేడాను ఇక్కడ విడిచిపెట్టుదము.) నేలపైనున్న మంచు సముద్రములో పడిన క్షణముననే మట్టము పెరుగును. అనగా ఈ దిమ్మలు పారిస్ చేరకముందే తమ పని చేసివేసినవి. వానిని నీటినుండి పైకి తీసినప్పుడు సముద్రము కొలతకందనంత తగ్గియే యుండవలెను! రెండు గాజు గ్లాసులు తీసికొని, ఒకదానిలో మంచుముక్కను నీటిపై తేల్చి, రెండవదానిలో నీటిపైకి లేచిన రాతిమీద మంచుముక్కనుంచి, మట్టముల వద్ద గీతలు గీసి పావుగంట కనిపెట్టి చూచినచో భేదము ఎవరికైనను తెలియును. ఆ పన్నెండు దిమ్మల ప్రక్కన ఒక బల్లపై ఈ రెండు గ్లాసులుంచిన ఎంత బాగుండెడిది! గడియారపు అమరికకంటె అవి ఎక్కువ చెప్పియుండెడివి.

పరిమాణము సంగతి చూడుడు. 2002 నుండి ఉపగ్రహముల సాయమున కొలిచిన ప్రకారము గ్రీన్‌లాండు ఏటా సగటున సుమారు 27,000 కోట్ల టన్నుల మంచును కోల్పోవుచున్నది. సెకండునకు దాదాపు 8,500 టన్నులన్నమాట. పారిస్‌లో నిలిపిన 80 టన్నులు సెకండులో నూరవవంతుకైనను సరిపోవు. ఈ భాగహారమును తరగతిలో పిల్లలచేత చేయించవచ్చును.

ఇక ప్రదర్శనలో నిజముగా విలువైన భాగము చెవి ఆనించినవారికి దక్కినది. మంచు కరుగునప్పుడు చిటపటమను ధ్వని వినబడును. వేల యేండ్ల క్రిందట కురిసిన మంచు పొరలపై పొరలుగా అణగునపుడు చిక్కిన గాలిబుడగలు, ఒత్తిడి తొలగుటచే పగులుచుండును. ఇట్టి బుడగలనే, ముఖ్యముగా అంటార్కిటికా మంచులోనివానిని, పరీక్షించి గడచిన 8 లక్షల యేండ్ల గాలి చరిత్రను శాస్త్రజ్ఞులు తెలిసికొన్నారు. యంత్రయుగమునకు ముందు ఆ కాలమంతటిలో బొగ్గుపులుసు గాలి పదిలక్షల పాళ్ళలో 300 పాళ్ళు మించలేదు. 2024 నాటికి 420 దాటినది. వాదమునకు సాక్ష్యము కరుగుటలో లేదు, ఆ బుడగలలో ఉన్నది. కళాకారుడు నీటిని చూపినాడు, గాలిని చూపినచో ఇంకను బాగుండెడిది.

దిమ్మలను అంతదూరము తెచ్చుటకు వ్యర్థముగా ఇంధనము కాల్చినారని కొందరు ఆక్షేపించినారు. పారిస్ ప్రదర్శనకైన కర్బన వ్యయము 30 టన్నులనియు, అది 30 మంది పారిస్ నుండి గ్రీన్‌లాండుకు విమానమున పోయి వచ్చుటతో సమానమనియు నిర్వాహకులే లెక్కకట్టించి ప్రకటించినారు. లెక్క దాచనివారిపై ఈ ఆక్షేపణ నిలువదు. ముప్పదిమంది పోయి చూచుటకంటె మంచే వచ్చి వేలమందికి తన చప్పుడు వినిపించుట మేలైన బేరమే.