చివరి బైటు ఎక్కడ పడుతుంది?

లినక్స్ కెర్నెల్‌లో ‘వ్యాలిడ్ ఫిజ్ అడ్రస్ రేంజ్’ అని ఒక చిన్న ఫంక్షన్ ఉంది. ‘డెవ్ మెమ్’ ఫైలు తెరిచి, ర్యామ్‌లో ఫలానా అడ్రస్ నుంచి ఇన్ని బైట్లు కావాలని ఎవరైనా అడిగితే, ఇవ్వొచ్చో లేదో ముందు ఇదే చూస్తుంది. సాదా రూపంలో ఒంటి లైనే: అడ్రస్‌కి పొడవు కలుపు, పైహద్దు దాటితే పొమ్మను.

తిరకాసంతా ఆ కలపడంలోనే. 32 బిట్ల లెక్కలో 4,29,49,63,200కి 8,192 కలిపితే వచ్చేది 4,096. అంకె పట్టక మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. నాలుగు జీబీ అంచున నిలబడి అడిగినవాడు హద్దుకి ఎంతో లోపల ఉన్నట్టు కనిపిస్తాడు. అందుకే మెమరీ మ్యాప్ చేసే దారిలో లినక్స్ ఇంకో పరీక్ష పెట్టింది: చివరి బైటు అడ్రస్ మొదటిదానికన్నా చిన్నదైతే అక్కడే తిప్పి పంపేస్తుంది. నేనైతే అసలు కూడికే పెట్టను. పొడవు పైహద్దుని మించలేదని చూసుకుని, హద్దులోంచి పొడవు తీసేసి, మిగిలినదానితో అడ్రస్‌ని పోలుస్తాను. చదివేవాడికి కాస్త అడ్డంగా ఉంటుంది, ఉండనీ.

రెండు కొసలూ లోపలే ఉన్నాయి సరే, మధ్య సంగతి? పీసీ ఆన్ అవగానే బయాస్ ఒక పట్టిక ఇస్తుంది, ఈ820 అంటారు. ఏ ముక్క వాడుకోవచ్చో, ఏది రిజర్వుడో అందులో ఉంటుంది. 640 కేబీ నుంచి 1 ఎంబీ దాకా వీడియోకీ బయాస్‌కీ పోతుంది. మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల భూముల రికార్డు, ఫెయిర్ అడంగల్, చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. సర్వే నంబర్లు వరుసగానే ఉంటాయి. నడుమ ఒకటి చెరువు గర్భం, ఇంకొకటి గెడ్డ పోరంబోకు. చివరి నంబరు పొలిమేర లోపలే ఉంది కదా అని మొత్తానికి పట్టా రాసిచ్చేస్తారా?

ర్యామే అయినా అందరికీ ఇవ్వాలని లేదు. 2012 డిసెంబరులో బయటపడిన కేసు చూడండి. ఎక్సినోస్ 4 చిప్ ఉన్న కొన్ని శామ్‌సంగ్ ఫోన్లలో ‘ఎక్సినోస్ మెమ్’ అనే డివైస్ ఫైలుని ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు అన్నట్టు వదిలేశారు. మామూలు యాప్ కూడా దాంట్లోంచి కెర్నెల్ మెమరీలో చెయ్యి పెట్టగలిగేది. అంతకు నాలుగేళ్ల ముందే, 2008లో, పీసీల కోసం ఇలాంటివి ఆపే ‘స్ట్రిక్ట్ డెవ్ మెమ్’ ఆప్షన్ కెర్నెల్‌లోకి వచ్చింది.

విజయనగరంలో ఇంజినీరింగ్ పిల్లలు కోడ్ తెచ్చి చూపిస్తే నేను ముందు అడిగేది పొడవు సున్నా అయితే ఏమవుతుందని. చివరి బైటు కోసం ఒకటి తీసేస్తారు కదా. అడ్రస్సూ సున్నా, పొడవూ సున్నా అయితే ఆ తీసివేత వెనక్కి చుట్టుకుంటుంది. “సున్నా బైట్లు ఎవులడుగుతారండీ?” అని నవ్వుతారు. టెస్టుల్లో మొదట అదే రాయమంటాను. తర్వాత ఒకటి, ఆ తర్వాత హద్దుకి సరిగ్గా సరిపోయేది, ఆపైన ఒక్క బైటు ఎక్కువ.