శస్త్రచికిత్స తరువాతి లేఖ

ఆంగ్ల నవలాకర్త్రి ఫానీ బర్నీకి 1811 సెప్టెంబరు 30వ తేదీన పారిస్ నగరమున స్తనమును తొలగించిరి. ప్రధాన శస్త్రవైద్యుడు నెపోలియన్ సేనలకు చికిత్స చేసిన లారే. మత్తుమందు వాడుకలోనికి రాకమునుపటి మాట. కట్టు కట్టుటతో సహా ఇరువది నిమిషములు పట్టినది. ఆ ఇరువది నిమిషముల వర్ణనమునే విమర్శకులు మెచ్చుకొనుచుందురు, మెచ్చదగినదే.

అయితే అక్క ఎస్తర్‌కు ఆమె ఈ వృత్తాంతమును వ్రాయ మొదలిడినది 1812 మార్చిలో, ముగించినది జూనులో. ఈ తేదీలను గమనింపనివారు లేఖను సగమే చదివినవారు. నెలల తరబడి ఆ ప్రసంగము వచ్చినంతనే బాధ యంతయు మరల అనుభవించినట్లుండెడిదనియు, తొమ్మిది నెలలు గడచినను వ్రాయుచుండగా తల నొచ్చుచున్నదనియు, వ్రాసినదానిని తిరిగి చదువుటకు ధైర్యము చాలదనియు ఆమె చెప్పినది. చివర మాత్రము తాను క్షేమముగా నున్నాననియు, అంతయు శుభముగా ముగిసినదనియు, తీరికగా, కలతపడక చదువుమనియు అక్కను కోరినది. తనకు సాధ్యము కాని పఠనమును అక్కకు అప్పగించినది! స్వస్థురాలైతినని ఇతరులకు చెప్పుటకును, తాను నమ్ముటకును నడుమనున్న కాలమే ఈ లేఖకు నిజమైన వస్తువు.

1978లో స్తనమును కోల్పోయిన అమెరికను కవయిత్రి ఆడ్రి లార్డ్ 1980లో ప్రకటించిన గ్రంథమున కృత్రిమ స్తనమును నిరాకరించి, లోపమును దాచుమను లోకముతో వాదించినది. ఆ గ్రంథము నేటి పాఠకులకు సన్నిహితము. బర్నీ ఎవ్వరితోను వాదింపలేదు. ఆమెది నిజముగా క్యాన్సరేనా యను చర్చను వైద్యచరిత్రకారులకు విడిచిపెట్టుదము. 1814లో మరియొక నవలను వెలువరించి, 1840 వరకు జీవించినది.