అవతారికగా సంస్థాచిహ్నం: తెలుగు చలనచిత్ర ముద్రలు, ఉత్తర తెలంగాణ పటం కథలు – ఒక పరిశీలన

ప్రవేశిక

తెలుగు చలనచిత్రాన్ని గురించిన సాహిత్యపరిశోధన ప్రధానంగా పాట, సంభాషణ, ఇతివృత్తం, పాత్రచిత్రణల మీద సాగింది. కథ మొదలుకాకముందు తెరమీద కొద్ది క్షణాలు కనిపించే నిర్మాణసంస్థ చిహ్నాన్ని, అంటే వ్యవహారంలో లోగో అనే దానిని, వ్యాపారముద్రగా భావించి పక్కన పెట్టడం పరిపాటి అయింది. అది వ్యాపారముద్ర కూడా అనడంలో సందేహం లేదు. అయితే ఈ కథను ఎవరి పేరున, ఏ అధికారంతో చెబుతున్నారో ప్రకటించే కథనాంగం కూడా అదే. ఈ దృష్టితో కొన్ని ప్రసిద్ధ చిహ్నాలను పరిశీలించి, కథనాధికారాన్ని ప్రకటించే మరొక పద్ధతి సజీవంగా ఉన్న ఉత్తర తెలంగాణ కథాగాన సంప్రదాయంతో వాటిని పోల్చడం ఈ వ్యాసం ఉద్దేశం.

అవతారిక – చిహ్నం

కావ్యారంభం ఆశీస్సు, నమస్కారం, వస్తునిర్దేశాలలో ఒకదానితో ఉండాలని ఆలంకారికులు విధించారు. తెలుగు ప్రబంధం దీనిని విస్తరించి ఇష్టదేవతాస్తుతి, పూర్వకవిస్తుతి, కృతిపతి వంశవర్ణన, షష్ఠ్యంతాలతో కూడిన అవతారికగా రూపొందించుకున్నది. కావ్యంలోని కథకు, కావ్యం వెలువడిన లోకానికి నడుమ అవతారిక ఒక వాకిలి. చలనచిత్రంలో ఆ వాకిలి స్థానం సంస్థాచిహ్నానిది. తెలుగు చిహ్నాలు పెక్కింటిలో అవతారికలోని అంగాలే మారుపేర్లతో కనిపిస్తాయి.

విజయా వారి జెండా దీనికి మొదటి ఉదాహరణ. నాగిరెడ్డి, చక్రపాణి నెలకొల్పిన విజయా సంస్థ ‘షావుకారు’ (1950), ‘పాతాళభైరవి’ (1951), ‘మిస్సమ్మ’ (1955) వంటి చిత్రాలు నిర్మించింది. హనుమంతుని బొమ్మ ఉన్న జెండా దాని చిహ్నం. విజయుడు అర్జునునికి పేరు. అర్జునుని రథధ్వజం మీద నిలిచినవాడు హనుమంతుడు. కనుక ఇది కేవలం దేవతాస్తుతి కాదు. సంస్థ పేరును శ్లేషతో వివరించే కపిధ్వజం.

ఈ శ్లేషకు పూర్తి ఫలం ‘మాయాబజార్’ (1957)లో దక్కింది. పాండవులు ఒక్కరూ తెరమీద కనిపించకుండా నడిచే భారతకథ అది. సుభద్ర ఉంది, అభిమన్యుడు ఉన్నాడు, ఘటోత్కచుడు ఉన్నాడు, అర్జునుడు లేడు. అర్జునుని ధ్వజం మాత్రం కథకు ముందే ఎగిరింది. సంస్థ ఈ ఉద్దేశంతోనే ఆ చిహ్నాన్ని ఎంచుకున్నదని చెప్పడానికి వీలులేదు. అన్ని చిత్రాలకూ అదే చిహ్నం. కానీ చిహ్నాన్ని చిత్రపాఠంలో భాగంగా చదివినప్పుడు, కథలో కనిపించని నాయకుని జాడ వాకిట్లో ఉన్నదన్న అర్థం సహృదయునికి స్ఫురిస్తుంది. చిహ్నాన్ని వదిలేసిన విమర్శకు ఈ అర్థం అందదు.

దేవత నుండి వంశానికి, వంశం నుండి తారకు

మద్రాసులో ఎస్.ఎస్. వాసన్ స్థాపించిన జెమినీ సంస్థ చిహ్నం బాకాలూదే ఇద్దరు బాలురు. వారు మిథునరాశికి సంకేతం. వారికి వ్యక్తిగతమైన పేర్లు అవసరం లేదు. డి. రామానాయుడు 1964లో ‘రాముడు భీముడు’తో ప్రారంభించిన సురేష్ ప్రొడక్షన్స్ చిహ్నంలోనూ ఇద్దరు బాలురే ఉన్నారు. ఎస్, పి అనే ఆంగ్లాక్షరాల మీద నిలబడిన ఆ పిల్లలు నిర్మాత కుమారులు సురేష్, వెంకటేష్. జెమినీ బాలురకూ వీరికీ మధ్య ఉన్న భేదమే తెలుగు చలనచిత్ర వ్యవస్థలో వచ్చిన మార్పును సూచిస్తుంది. సంస్థ పేరు పెద్దకుమారుని పేరు. తరువాత అతడు నిర్మాత అయ్యాడు, తమ్ముడు కథానాయకుడయ్యాడు. చిహ్నంలో మాత్రం ఇద్దరూ పిల్లలుగానే ఉండిపోయారు. ప్రబంధంలోని వంశవర్ణన గతించిన తరాలను కీర్తిస్తుంది. ఇక్కడ వంశవర్ణన రాబోయే తరం వైపు తిరిగింది.

సి. అశ్వనీదత్ 1974లో స్థాపించిన వైజయంతీ మూవీస్ చిహ్నంలో శంఖం పూరిస్తున్న కృష్ణుడు కనిపిస్తాడు. వైజయంతి విష్ణువు ధరించే మాల. పేరు, బొమ్మ రెండూ పురాణానివే అయినా ఆ కృష్ణుని ముఖం ఎన్.టి. రామారావుది. ‘మాయాబజార్’తో తెలుగు ప్రేక్షకుని మనసులో కృష్ణునిగా స్థిరపడిన నటుడే ఇక్కడ మంగళాచరణలోని దేవత అయ్యాడు. విజయా ధ్వజం పురాణం నుండి నేరుగా వచ్చింది. వైజయంతీ కృష్ణుడు పురాణం నుండి సినిమాలోకి, సినిమా నుండి చిహ్నంలోకి వచ్చాడు. చలనచిత్రం తన సొంత చరిత్రనుండే దేవతను సంపాదించుకున్న సందర్భమిది.

ఈ వరుసలో తాజా దశ నిజామాబాద్ జిల్లాకు చెందిన నిర్మాత దిల్ రాజుది. ఆయన తొలి సంస్థ శ్రీ వేంకటేశ్వర క్రియేషన్స్ పేరు దేవునిది. దాని తొలి నిర్మాణం ‘దిల్’ (2003) పేరు ఆయన ఇంటిపేరులా స్థిరపడింది; ఆ పేరే మళ్లీ దిల్ రాజు ప్రొడక్షన్స్ అనే సంస్థ అయింది. చిత్రం పేరు వ్యక్తికి, వ్యక్తి పేరు సంస్థకు సంక్రమించాయి. కృతి పేరే కృతిపతికి బిరుదైన తీరు ఇది. ఈ దశలు ఒకటి పోయి మరొకటి వచ్చినవి కావు. పక్కపక్కనే నిలిచి ఉన్నవి. సింగరేణి బొగ్గుగనుల నేపథ్యంతో 2023లో వచ్చిన ‘దసరా’ శ్రీ లక్ష్మీ వేంకటేశ్వర సినిమాస్ నిర్మాణం.

ఉత్తర తెలంగాణ: పటం మొదటి గడి

అవతారికతో పోలిక ఒకచోట ఆగిపోతుంది. అవతారిక కృతికృతికీ మారుతుంది, చిహ్నం మారదు. మారని ఆరంభానికి సరైన పోలిక పూర్వపు కరీంనగర్, వరంగల్ జిల్లాలలో తిరిగే పటం కథలలో దొరుకుతుంది. చేర్యాల నకాషీ చిత్రకారులు వేసే పటం సాధారణంగా గణపతి బొమ్మతో మొదలవుతుంది. కథ ఏదైనా ఆ మొదటి గడి అదే. సిరిసిల్ల వంటి చేనేత ప్రాంతాలలో పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేవారు కూనపులివారు. ముదిరాజులకు కథ చెప్పేవారు కాకిపడగలవారు. ఆదిలాబాద్ గోండులకు వారి వంశకథలు పాడేవారు పరధానులు. వీరికి పటం లేదు, వాద్యమే తోడు. ఏ కులానికి, ఏ ఇళ్లకు ఎవరు కథ చెప్పాలన్నది వంశపారంపర్యంగా వచ్చే మిరాశి. పటం విప్పడమంటే కథ మొదలుపెట్టడమే కాదు, కథ చెప్పే హక్కును నలుగురి ముందు చూపడం కూడా.

చిహ్నం చేసే పనీ ఇదే. అయితే పటం ముందు కథకుడు నిలబడి ఉంటాడు. అతని కులం, ఊరు వినేవారికి తెలుసు. తెరమీది చిహ్నం వెనుక ఉన్నది కథకుడు కాదు, పెట్టుబడి. ఉత్తర తెలంగాణ విషయంలో ఈ తేడాకు చారిత్రకమైన బరువు ఉంది. కరీంనగర్‌లో పుట్టిన పైడి జైరాజ్ మూకీల కాలంలోనే బొంబాయి చేరి అక్కడ కథానాయకుడయ్యాడు. ఇదే జిల్లా హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణరెడ్డి ‘గులేబకావళి కథ’ (1962)కు పాటలన్నీ రాశారు. అప్పటి తెలుగు స్టూడియో వ్యవస్థకు కేంద్రం మద్రాసు. ఈ ప్రాంతపు ముఖం, వాక్కు తెరకెక్కాయి, ముద్ర ఎక్కలేదు.

‘బలగం’ (2023) ఈ నేపథ్యంలో కీలకమైన చిత్రం. సిరిసిల్లకు చెందిన వేణు యెల్దండి దర్శకత్వంలో, దిల్ రాజు ప్రొడక్షన్స్ పేరున వచ్చిన ఈ చిత్రం ఒక చావు, పిట్టకు పెట్టే కూడు, విడిపోయిన బంధువుల చుట్టూ నడుస్తుంది. ముగింపులో బుడగజంగాల కథకులు వచ్చి చనిపోయినవాని మాటలుగా పాడతారు, కుటుంబం కరుగుతుంది. జానపద ప్రదర్శనలో మొదట నిలబడి తన హక్కు చెప్పుకునే కథకుడు ఇక్కడ చివర వచ్చాడు. మొదటి స్థానం సంస్థాచిహ్నానిది. ఉత్పత్తిరంగంలో ఉత్తర తెలంగాణ వాడు నిర్మాత అయిన తరువాత కూడా ఈ క్రమం మారలేదు. కాబట్టి దీనిని ప్రాంతీయ ఆధిపత్యంతో మాత్రమే వివరించలేము. మాధ్యమ స్వభావమే కథకుని వాకిలి నుండి లోపలికి జరిపింది. ‘బలగం’ ఘనత, అతనిని కథకు ప్రాణమైన చోట నిలబెట్టడం.

పాఠనిర్ణయ సమస్య

చిహ్నం కథనాంగమైతే దాని పాఠాన్ని నిర్ణయించడం పరిశోధకుని బాధ్యత. సంస్థలు తమ చిహ్నాలను కొత్త సాంకేతికతతో తిరిగి రూపొందిస్తాయి. పాత చిత్రాలు పునర్విడుదలలలో, దూరదర్శన ప్రసారాలలో, అంతర్జాల వేదికలపైన చిహ్నం తొలగి గాని, మారి గాని, మరొక హక్కుదారు ముద్ర ముందు చేరి గాని కనిపించవచ్చు. ‘మాయాబజార్’ 2010లో రంగులద్దుకుని మళ్లీ విడుదలైంది. ఏ ప్రతిని చూసి వ్యాఖ్యానిస్తున్నామో చెప్పకపోతే, పైన కపిధ్వజం గురించి చేసిన వ్యాఖ్య వంటిది నిరాధారమవుతుంది. జీర్ణమైన పటాన్ని కథకులు శాస్త్రోక్తంగా నీటిలో కలిపి కొత్త పటం రాయించుకుంటారు. మార్పు అక్కడ అందరికీ తెలిసి, తంతుతో జరుగుతుంది. తెరమీద అది చెప్పకుండా జరుగుతుంది. తాళపత్ర ప్రతుల విషయంలో తెలుగు పరిశోధన నేర్చుకున్న పాఠపరిష్కరణ క్రమశిక్షణ ఇక్కడా అవసరం.

ఉపసంహారం

తెలుగు సంస్థాచిహ్నాలు ఇష్టదేవతాస్తుతి, వంశవర్ణన, తారాస్తుతి, కృతిపతి నామప్రకటన అనే నాలుగు పద్ధతులలో కథనాధికారాన్ని ప్రకటించాయి. వీటిని అవతారికతో పోల్చినప్పుడు వాటి రూపం, పటం మొదటి గడితో పోల్చినప్పుడు వాటి ప్రయోజనం బోధపడతాయి. చిత్రాన్ని చిహ్నం నుండి చదవడం మొదలుపెడితే, ఈ కథ ఎవరిది అన్న ప్రశ్నతోపాటు దీనిని చెప్పే హక్కు ఎవరి పేరున నమోదైంది అన్న ప్రశ్న కూడా విమర్శ పరిధిలోకి వస్తుంది. ఆశ్రితకులాల కథకులు తరతరాలుగా పటం విప్పినప్పుడల్లా సమాధానం చెబుతూ వచ్చిన ప్రశ్న అది.