స్మాష్‌కు అలవాటైన చెయ్యి, హాకీకి కావలసిన చెయ్యి

అమలాపురం పేరు చెబితే ఇవాళ క్రీడాలోకానికి మొదట గుర్తొచ్చేది ఒక దెబ్బ. 2023 ఏప్రిల్ 14న జపాన్‌లో, కొలత కోసమే ఏర్పాటు చేసిన హాల్లో, ఈ ఊరి బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో రాకెట్‌ను విడిచింది. దాదాపు పదేళ్లు నిలిచిన 493 రికార్డు దాంతో చెరిగిపోయింది. అదే ఏడాది హాంగ్జౌ ఆసియా క్రీడల్లో చిరాగ్ శెట్టితో కలిసి అతను భారత బ్యాడ్మింటన్‌కు ఆ క్రీడల్లో తొలి స్వర్ణం తెచ్చాడు. ఇలాంటి ఊళ్లో పెరిగే పిల్లలకు ఆటంటే ముందు గట్టిగా కొట్టడమే అనిపిస్తే తప్పు పట్టలేం.

ఆ పిల్లల్లో ఎవరైనా, అమలాపురంలోనో రాజోలులోనో కొత్తపేటలోనో, తొలిసారి హాకీ స్టిక్ పట్టుకుంటే ఏం జరుగుతుంది? కర్రను భుజం దాటించి ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి బంతిని బాదుతారు. బంతి పక్కకు పోతుంది, లేదా గాల్లోకి లేస్తుంది, లేదా కర్ర నేలను గీరి ఆగిపోతుంది. బలం చాలలేదనుకుని ఇంకా గట్టిగా కొడతారు. ఈ రెండు దెబ్బలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, స్మాష్ నుంచి హాకీ ఏం తీసుకోవాలో, దేన్ని గేటు బయటే వదిలెయ్యాలో తేటపడుతుంది. తీసుకోవలసింది చాలానే ఉంది. వదిలెయ్యవలసింది ఒక్కటే, కానీ అదే అసలుది.

ముందు పనిముట్లు. బ్యాడ్మింటన్ రాకెట్ 80, 90 గ్రాములు తూగుతుంది. షటిల్ బరువు 4.74 నుంచి 5.50 గ్రాములు. దాని ఈకలకు గాలి అడ్డం పడి, రాకెట్‌ను విడిచిన క్షణం నుంచే వేగం పడిపోతుంది. హాకీ బంతి 156 నుంచి 163 గ్రాముల గట్టి ముద్ద. స్టిక్ అరకిలో దాటుతుంది, నియమం 737 గ్రాముల దాకా ఒప్పుకుంటుంది. బ్యాడ్మింటన్‌లో కొత్తవాడి గుడ్డిదెబ్బకు ఒక పాయింటు పోతుంది. హాకీలో అదే దెబ్బకు పక్కవాడి కాలెముక దెబ్బతినవచ్చు. అందుకే షిన్‌గార్డులు, నోటికి మౌత్‌గార్డు లేకుండా హిట్ నేర్పకూడదు.

ఇక చేతులు. స్మాష్ ఒంటిచేతి పని. ముంజేయి లోపలికి గిర్రున తిరగడంలోనే దాని ప్రాణమంతా ఉంది. పట్టు మాత్రం ముందునుంచీ బిగుసుకుని ఉండదు. వేళ్లు వదులుగా ఉండి, షటిల్ తగిలే క్షణంలోనే బిగుస్తాయి. ఈ ఒక్క రహస్యాన్నీ హాకీ బంగారంలా దాచుకోవాలి. కొత్తగా స్టిక్ పట్టినవాళ్లలో చాలామంది కుడిచేత్తో కర్రను పీక నొక్కినట్టు పట్టుకుంటారు. హాకీలో యజమాని ఎడమచెయ్యి. స్టిక్ చివర ఉండి కర్రను తిప్పేది అదే. డ్రిబ్లింగ్‌లో కుడిచెయ్యి కిందుగా ఉండి, కర్ర తనలో తిరిగేందుకు చోటిస్తూ దారి మాత్రం చూపాలి. హిట్ దగ్గరికి వచ్చేసరికి ఆ కుడిచెయ్యి పైకి జరిగి ఎడమచేతిని ఆనుకుంటుంది. రెండు చేతులూ ఒక్కటిగా కదిలితేనే కర్ర చివర వేగం పుడుతుంది. చేతులు దూరంగా ఉంచి ఈడ్చి కొడితే అది తోపు అవుతుంది కానీ దెబ్బ కాదు.

కర్రకు ఎడమవైపు ఉన్న చదును ముఖంతోనే బంతిని ఆడాలి. గుండ్రంగా ఉండే వెనకవైపు తగిలితే ఫౌల్. బంతి తన ఎడమకు పోతే ఆటగాడు కర్రను తలకిందులు చేసి, కొన కిందికి తిప్పి అందుకుంటాడు. కుడినుంచి ఎడమకూ, ఎడమనుంచి కుడికీ క్షణక్షణం మణికట్టు తిప్పుతూ బంతిని కర్రకు అంటిపెట్టుకుని నడిపే ఈ విద్యను ప్రపంచమంతా ఇండియన్ డ్రిబుల్ అంటుంది. రాకెట్‌కు రెండు ముఖాలూ సమానమే గనుక బ్యాడ్మింటన్ చేతికి ఈ తిప్పుడు కొత్త. రోజూ కాసేపు ఎడమచేత్తోనే బంతిని ఇటూ అటూ నడిపిస్తే కొద్దివారాల్లో వస్తుంది. పాఠశాల మైదానం గతుకులమయమైతే సిమెంటు కళ్లం మీద టెన్నిస్ బంతితో చేసినా సరే.

కాళ్ల విషయంలో రెండు ఆటలూ ఒకే మాట చెబుతాయి. షటిల్ కిందికి చేరకుండా స్మాష్ లేదు, బంతి పక్కకు చేరకుండా హిట్ లేదు. అయితే చేరవలసిన చోటు వేరు. స్మాష్‌లో షటిల్ తలకు పైన, కాస్త ముందుగా ఉండాలి. హాకీ హిట్‌లో ఎడమకాలు ముందుకు పడాలి, ఎడమభుజం గురివైపు తిరగాలి, బంతి ఎడమపాదానికి ఎదురుగా ఉండాలి. దానికన్నా ముందుంటే కర్ర కిందినుంచి తగిలి బంతి లేస్తుంది. కుడిపాదం దగ్గరికి వస్తే కర్ర పైనుంచి గొడ్డలిలా పడి బంతి ఎగిరెగిరి పోతుంది. కొత్తవాళ్ల తప్పులు చాలావరకు చేతుల్లో కనిపించినా, పుట్టేది ఈ అడుగు దగ్గరే.

అసలు తేడా గురిలో ఉంది. స్మాష్ ఎవరూ లేని చోటికి వెళ్లాలి. తిరిగి రాకపోవడమే దానికి ఘనత. హాకీ హిట్ మాత్రం, గోల్‌కు కొట్టేవి తప్పిస్తే, తనవాడి కర్రకే చేరాలి. ఆ తనవాడు దాన్ని ఆపలేకపోతే కొట్టినవాడు ఎంత బలంగా కొట్టినా బంతి ప్రత్యర్థిదే. స్మాష్ ర్యాలీని ముగిస్తుంది, హిట్ తర్వాతి ఆటను మొదలుపెడుతుంది. హాకీ నియమాలు కూడా దీన్నే బలపరుస్తాయి. డి లోపల, అంటే గోల్ ముందు గీసిన అర్ధవృత్తం లోపల, గోల్‌కు కొట్టేటప్పుడు తప్ప హిట్‌తో బంతిని కావాలని లేపకూడదు. పెనాల్టీ కార్నర్‌లో తొలి షాట్ హిట్ అయితే గోల్‌లైన్ దగ్గర 460 మిల్లీమీటర్లకు మించి ఎత్తు ఉండకూడదు. ఎత్తునుంచి కిందికి దిగడం స్మాష్ అందం, నేలను వదలకుండా సాగడం హిట్ అందం. ‘ఇక తిరిగి రాకూడదు’ అనే కసి బ్యాడ్మింటన్‌లో గుణం. హాకీ నేర్చుకునే చెయ్యి వదిలెయ్యవలసిన ఆ ఒక్కటీ ఇదే.

ఇక్కడ నేల సంగతీ చూడాలి. బ్యాడ్మింటన్ హాలు ఏ ఊళ్లోనైనా చదునే. అమలాపురం ఉన్న కోనసీమ మైదానాలు ఒండ్రు నేలలు. వానాకాలం బురద, ఎండాకాలం గట్టి పెళ్లలు. పచ్చిక మీద, మట్టి మీద బంతి ఎటు గెంతుతుందో తెలియదు కాబట్టే మన పాత ఆటగాళ్లు దాన్ని కర్రకు దగ్గరగా ఉంచుకోవడం నేర్చారు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో హాకీ తొలిసారి కృత్రిమ టర్ఫ్ మీదికి వచ్చింది. చదునైన నేల మీద గట్టి హిట్టూ, పొడుగు పాసూ విలువ పెంచుకున్నాయి. అంతకుముందు ఏడు స్వర్ణాలు గెలిచిన భారత్ అక్కడ ఏడో స్థానంలో ఆగింది. మట్టి చేతికి ఒడుపు నేర్పుతుంది, టర్ఫ్ దెబ్బకు నిజాయితీ ఇస్తుంది. కోనసీమ పిల్లకు రెండోది కావాలంటే యానాం మీదుగా కాకినాడ వెళ్లాలి. 2023లో సీనియర్ మహిళల జాతీయ పోటీలు జరిగింది అక్కడే. నెలకు ఒకటి రెండుసార్లయినా పాఠశాలల జట్లను ఆ టర్ఫ్ మీదికి తీసుకువెళ్లడం దుబారా కాదు, అవసరం.

తెలుగువాళ్లకు ఈ ఆట పరాయిదేమీ కాదు. హైదరాబాద్ ఫార్వర్డ్ ముఖేశ్ కుమార్ 1992, 1996, 2000 ఒలింపిక్స్‌లో ఆడాడు. ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లెనుంచి వచ్చిన గోల్‌కీపర్ ఏతిమరపు రజని భారత మహిళల జట్టుకు ఆడింది. ఊరు చిన్నదైనంత మాత్రాన దారి మూసుకుపోదు.

పోలికలో బ్యాడ్మింటన్‌దే పైచేయి అయిన చోటు ఒకటుంది. అదే సాధన పద్ధతి. బ్యాడ్మింటన్ కోచ్ పిల్లవాడికి షటిళ్లు వరసగా అందిస్తూ కొద్ది నిమిషాల్లో వందసార్లు ఒకే దెబ్బ కొట్టిస్తాడు. షటిల్ లేకుండా అడుగులు మాత్రమే వేయిస్తాడు. మన పాఠశాలల్లో హాకీ అంటే తరచూ ఇరవై మందికి ఒక బంతి ఇచ్చి మ్యాచ్ ఆడించడమే. ఆ గంటలో నెమ్మదైన పిల్లకు బంతి పది సార్లు కూడా తగలదు. స్టిక్ నైపుణ్యం తగిలిన లెక్కను బట్టే వస్తుంది. ఇద్దరికొక బంతి సమకూర్చితే కొత్త స్టిక్కులు కొన్నదానికన్నా ఎక్కువ మేలు జరుగుతుంది.

కాబట్టి వ్యాయామ ఉపాధ్యాయులకు నేను చెప్పే వరస ఇది. మొదట ఆపడం నేర్పండి. కర్ర పిడి బంతికన్నా ముందుకు వాలి ఉండాలి, చేతులు మెత్తగా ఉండాలి. తర్వాత పుష్. కర్ర బంతిని తాకే ఉండి, చప్పుడు లేకుండా సాగనంపుతుంది. ఆ తర్వాత స్లాప్. కర్రను వెనక్కి కొద్దిగానే తీసి, నేలవారగా ఊడ్చినట్టు కొట్టడం. చేతులు పెద్దగా జరపనక్కర్లేదు గనుక కొత్తవాళ్లకు గురి తొందరగా కుదురుతుంది. ఇవి మూడూ వచ్చాకే రెండు చేతులూ కలిపి కొట్టే పూర్తి హిట్. ప్రతి మెట్టులోనూ కొట్టినవాడికి మార్కు వెయ్యకండి. అవతల అందుకున్న పిల్ల బంతిని ఒక్క తాకుతో ఆపగలిగిందో లేదో చూసి, ఇద్దరికీ కలిపి వెయ్యండి. సాత్విక్ ఊరికి కొట్టడం కొత్తగా నేర్పనక్కర్లేదు. తన దెబ్బకు అవతల మరో చెయ్యి ఎదురుచూస్తోందన్న ధ్యాస అలవాటు చేస్తే, హాకీ ఆటగాళ్లు కోనసీమలోనే తయారవుతారు.