రాయికి పని ఉండాలి

సొంతంగా ప్లాన్ గీయించుకుని ఇల్లు కట్టుకునే మనవాళ్ళు గ్రానైట్ రంగు గురించి నెలల తరబడి ఆలోచిస్తారు. ఆ రాయి ఆ ఇంట్లో ఏం పని చేస్తుందని అడిగేవాళ్ళు తక్కువ. ఆ ప్రశ్న అడగడం నాకు నేర్పిన ఇల్లు పెన్సిల్వేనియాలో ఉంది. కాఫ్‌మన్ కుటుంబం కోసం ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1935లో బేర్ రన్ అనే వాగు మీద రూపకల్పన చేసిన ‘ఫాలింగ్‌వాటర్’ అది. 1964 నుంచి సందర్శకులను అనుమతిస్తున్నారు.

అందరూ జలపాతాన్నే మెచ్చుకుంటారు. నాకు నచ్చింది రాతి వాడకం. గోడల్లో ఉన్నది ఆ స్థలంలోనే తవ్వి తీసిన ఇసుకరాయి. కొండలో పొరలు ఎలా ఉన్నాయో, గోడలోనూ అలాగే అడ్డంగా పేర్చారు. హాల్లో నెగడు ముందు, మొదటినుంచీ అక్కడే ఉన్న బండ ఒకటి నేలలోంచి పైకి వస్తుంది. చుట్టూ పరిచిన రాళ్ళకు మైనం పూసి మెరిపించారు. ఆ బండను మాత్రం అలాగే వదిలేశారు.

అలాగని రైట్ చేసిందంతా గొప్పేననలేం. వాగు మీదికి చాచిన కాంక్రీటు డాబాల్లో ఇనుము చాలలేదు. కట్టేటప్పుడు ఆయనకు చెప్పకుండా అదనంగా వేసినా సరిపోలేదు. డాబా చివర దాదాపు 7 అంగుళాలు కిందికి వంగింది. 1997లో తాత్కాలికంగా ఆసరాలు పెట్టి, 2002లో ఉక్కు తీగలు బిగించి నిలబెట్టారు. రాయి స్వభావాన్ని గౌరవించిన మనిషే కాంక్రీటు శక్తిని మించి ఆశించాడు.

ఇక మన ఇళ్ళ సంగతి. చాలాచోట్ల ముందు గోడకు సిమెంటుతో పోతపోసిన పల్చటి రాయి, మిగతా మూడు వైపులా వినైల్ సైడింగ్. ఇంటి బరువు మోసేది లోపలి చెక్క. అలంకారం తప్పు కాదు. కానీ అతికించిన రాయి వెనక నీరు బయటికి పోయే దారి లేకపోతే ఆ చెక్కే కుళ్ళుతుంది. వీధికి కనిపించే గోడ కోసం కనిపించని గోడను బలిపెట్టినట్టే.

మన మండువా లోగిళ్ళు కట్టినవాళ్ళకు ఈ సంగతి తెలుసు. వాన పడేచోట రాయి పరిచారు, కప్పు మోసేచోట కలప నిలిపారు. అందం ఆ పనిలోంచే వచ్చింది.

అందుకే, బిల్డరుతో కూర్చున్నప్పుడు రంగు కంటే ముందు అడగాల్సినవి రెండున్నాయి: ఇది ఇక్కడ ఎందుకు? దీని వెనక ఏముంది? జవాబు దొరకని రాయికి పెట్టే డబ్బు మంచి కిటికీలకు పెడితే ఇంట్లో వాళ్ళు సుఖపడతారు.